పాత కారు కొనే ముందు మా లెక్కల పుస్తకం ఒకసారి చూడండి

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ఈమధ్య కొత్తగా ఉద్యోగాలు వచ్చిన మనవాళ్లు చాలామంది "సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం, మీది ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మేము పడిన పాట్లన్నీ ఇక్కడే రాస్తున్నాం. కంపెనీ పేరు అడగొద్దు. తప్పు బండిది కొంత, మాది ఎక్కువ.

మాది జి.మాడుగుల మండలంలో లోపలి ఊరు. మేము ఇద్దరం అన్నదమ్ములం, ఒక చెల్లి. అమ్మకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నెలనెలా పాడేరు, అవసరమైతే విశాఖపట్నం తీసుకెళ్లాలి. వర్షంలో బైకు మీద అమ్మని కూర్చోబెట్టుకుని వెళ్లడం, జీపు నిండే వరకు సెంటర్లో నిలబడడం చూసి చూసి, కాఫీ డబ్బులు, అన్నయ్య దాచుకున్నది, అమ్మ డ్వాక్రా లోను కలిపి బండి కొందామనుకున్నాం. ఖాళీ రోజుల్లో కొత్తపల్లి జలపాతానికి టూరిస్టులను తిప్పుదామనే ఆశ కూడా ఉండేది. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదని తర్వాత తెలిసి ఆ ఆశ వదిలేశాం.

చిన్న ఎస్‌యూవీయే ఎందుకంటే, మన రోడ్లకి కింద ఎత్తు కావాలి. పైగా మన దేశంలో పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకపోతే పన్ను తక్కువ. అందుకే కంపెనీలన్నీ ఆ కొలతలోనే ఇలాంటి బండ్లు చేశాయి. ఎకోస్పోర్ట్ 2013లో, విటారా బ్రెజ్జా 2016లో, నెక్సాన్ 2017లో, వెన్యూ 2019లో వచ్చాయి. అవన్నీ ఇప్పుడు పాత బండ్ల మార్కెట్లో దొరుకుతున్నాయి.

మేము విశాఖలో 2017 డీజిల్ బండి 4,60,000కి తీసుకున్నాం. మీటరు 92,000 కిలోమీటర్లు చూపించింది. నడిపి చూసింది ఎక్కడంటే బీచ్ రోడ్డు మీద! బీచ్ రోడ్డు మీద ఏ బండైనా బాగానే నడుస్తుంది. మన ఘాట్ ఎక్కితేనే దాని బతుకు తెలిసేది.

మొదటి నెలలోనే గుంతల్లో ముందు వైపు "టక టక" మని చప్పుడు. నర్సీపట్నంలో మెకానిక్ కిందకి దూరి చూసి, "ఏటి బాబూ, బండి కొన్నారా, బుష్‌లు లేని మంచం కొన్నారా?" అన్నాడు. లోయర్ ఆర్మ్‌లు రెండు 5,200, లింక్ రాడ్లు 1,400, ముందు షాకప్‌లు 6,400, కూలీ, అలైన్‌మెంట్ 3,500. మొత్తం 16,500. టైర్లు పైకి నల్లగా మెరుస్తున్నాయి గానీ పక్కల పగుళ్లు. నాలుగూ మార్చాం, 26,000. బ్రేక్ ప్యాడ్లు, వెనక షూలు, డిస్కులు చెక్కించడం 6,000. చలి మొదలవగానే పొద్దున్న స్టార్ట్ అవలేదు, బ్యాటరీ 6,000. ఎత్తు ఎక్కేటప్పుడు లాగకుండా నల్ల పొగ వస్తే టర్బో హోస్ పగిలిందన్నారు, ఈజీఆర్ మసి పట్టిందన్నారు. ఆ రెండిటికీ 4,500.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. అమ్మకి విశాఖలో చూపించి తిరిగి వస్తున్నాం. వంట్లమామిడి దగ్గర ముందు లారీ ఆగింది. వాలులో బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టాం. కాలిన వాసన వచ్చింది. తర్వాత ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. వాన, చీకటి, అమ్మకి వణుకు. ఒక వ్యాన్ అన్నయ్య అమ్మని ఎక్కించుకుని పాడేరులో దించాడు. ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. క్లచ్ సెట్టు 13,500, ఫ్లైవీల్ చెక్కించడం 1,500, కూలీ 5,000, బండిని లాగించిన ఖర్చు 6,000. మొత్తం 26,000.

ఆ డబ్బు ఎక్కడిదో చెప్పడానికే ఈ పోస్టు. అది చెల్లి నర్సింగ్ ఫీజు కోసం దాచింది. "ముందు బండి చేయించండి, అమ్మకి కావాలి కదా" అని తనే తీసి ఇచ్చింది. ఫీజు గడువు వచ్చేసరికి మా చేతిలో ఏమీ లేదు. చెట్ల మీద ఇంకా పచ్చిగా ఉన్న మిరియాలు చూపించి షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. కోత అయ్యాక బయట ధర కంటే తక్కువకే తూకం వేసి ఇచ్చాం. ఇలాంటి దళారుల నుంచి గిరిజనులను కాపాడడానికే 1956లో జీసీసీ పెట్టారని పరీక్షల కోసం చదువుకున్నవాళ్లం మేము. చదువుకుని కూడా తాతల కాలం నాటి తప్పే చేశాం. చెల్లి ఒక్క మాట అనలేదు. ఖర్చుల పుస్తకం రాసేది మాత్రం తనే. ఆ రోజు పేజీలో "క్లచ్ 26,000" అని రాసి, కింద గీత రెండుసార్లు గీసింది.

ఏడాది మొత్తం రిపేర్లు 85,000. బీమా, ఆర్సీ మార్పిడి 13,000. అంటే 98,000. కాబట్టి మీ దగ్గర ఐదు లక్షలుంటే నాలుగు లక్షల బండే చూడండి. మిగతా లక్ష ముట్టుకోవద్దు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

1. మీకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. వెయ్యి రెండు వేలు ఇచ్చినా నష్టం లేదు.

2. ఎత్తు ఉన్న రోడ్డు మీద నడపండి. మూడో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే.

3. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి.

4. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఉంటుంది. ఎప్పుడూ దగ్గర దూరాలే నెమ్మదిగా తిరిగితే అందులో మసి పేరుకుంటుంది. మండలం వరకే తిరిగేవాళ్లకి పెట్రోలే నయం.

5. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి బండి చవగ్గా వస్తుందని ఎగబడకుండా, ముందు దగ్గరలో చేసేవాళ్లు, పార్ట్స్ ఉన్నాయో లేదో కనుక్కోండి.

6. పరివాహన్‌లో ఆర్సీ, చలానాలు, ఫైనాన్స్ చూడండి. లోను ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు చేయించండి. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకి, 14 రోజుల్లో బీమా మార్పుకి దరఖాస్తు పెట్టాలి.

ఇక నడపడం. వాలులో ఆగితే హ్యాండ్ బ్రేక్ వేయండి, క్లచ్ మీద కాలు తీసేయండి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు, రెండో గేరులో దిగండి.

బండి కొని తప్పు చేశామా అని అడిగితే, లేదనే అంటాం. మొన్న చలిలో రాత్రి పక్క ఊరి వదినకి నొప్పులొస్తే, డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడి నుంచి పాడేరు వరకు ఈ బండే తీసుకెళ్లింది. తల్లీబిడ్డా బాగున్నారు. కొత్త క్లచ్ లేకపోతే ఆ రాత్రి మేము బయల్దేరేవాళ్లమే కాదు.

చెల్లి ఈ ఏడాది ఫీజు మాత్రం వేరే ఖాతాలో వేశాం. ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంది. బండి ఆగినా సరే, అడగకూడదని మేము ఇద్దరం అనుకున్నాం.

మీ బండ్ల ఖర్చులు కూడా కింద రాయండి. కొనబోయే తమ్ముళ్లకి పనికొస్తాయి.