ఏడు శిఖరాలు - ఎనిమిదేళ్లు

కొండ ఎక్కినవారి పేరును లోకం గుర్తుంచుకొంటుంది. ఒక కొండ దిగి మరో కొండ మొదటికి చేరడానికి వారికి పట్టిన కాలాన్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. మాలావత్ పూర్ణ సాధించిన విజయం విలువ తెలియాలంటే లెక్కపెట్టవలసింది ఆ కాలాన్నే.

నిజామాబాదు జిల్లాలో పాకాల ఒక చిన్న ఊరు. 2000 జూన్ 10న పూర్ణ పుట్టింది. లంబాడా కుటుంబం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. రెక్కాడితేగాని డొక్కాడని సంసారం. అయినా కూతురి చదువు ఆగకూడదని తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చేర్పించారు. ఆ పాఠశాలల విద్యార్థులకు సాహస క్రీడలలో శిక్షణ ఇప్పించాలని 2013లో పెద్దలు తలపెట్టారు. ఎంపికైన పిల్లలను భువనగిరికి తీసికొని వెళ్లారు.

భువనగిరి కోట ఒకే ఒక పెద్ద బండ మీద నిలిచి ఉంటుంది. ఆ నున్నని బండను మొదటిసారి చూసినప్పుడు తన కాళ్లు వణికాయని పూర్ణ తరువాత చెప్పింది. పైకి చేరాక ఆ వణుకు పోయింది. ఆ తరువాత డార్జిలింగులో శిక్షణ, రెనాక్ శిఖరారోహణ, లడఖ్ మంచులో సాధన జరిగాయి. ఒక్కొక్క మెట్టు దగ్గర కొందరు చొప్పున తగ్గిపోగా, చివరకు ఎవరెస్టు యాత్రకు ఇద్దరు మిగిలారు. ఒకరు పూర్ణ, మరొకరు ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్. శిక్షకుడు శేఖర్ బాబు వారిని సిద్ధం చేశారు.

పదహారేళ్లు నిండనివారిని నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కనివ్వరు. అందువల్ల ఈ పిల్లలు టిబెట్ వైపు నుంచి బయలుదేరారు. వారు దారిలో ఉండగానే, 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి పదహారుమంది మరణించారు. వెనక్కి వెళదామా అన్న ప్రశ్న పూర్ణ ముందు నిలిచింది. ఆమె ముందుకే సాగింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడింది. పూర్వం ఎక్కబోయి ప్రాణాలు విడిచినవారి దేహాలు మంచులో కనిపించాయి. వాటిని చూసి భయం వేసిందని ఆమె దాచకుండా చెప్పింది. భయంతోనే నడిచింది. 2014 మే 25 ఉదయం శిఖరం మీద నిలిచింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అంత చిన్న వయసువారు అంతకుముందు ఎవరూ లేరు.

పూర్ణ పేరు దేశమంతటా మారుమోగింది. సన్మానాలు జరిగాయి. తరువాత ఆమె కథతో సినిమా కూడా వచ్చింది. ఇక ఎక్కవలసినది ఏముంది అని ఎవరైనా అడిగితే తప్పుపట్టలేము. ఎవరెస్టును మించిన ఎత్తు భూమి మీద లేదు గదా! అయితే పర్వతారోహకులకు మరొక లక్ష్యం ఉంది. ఏడు ఖండాలలోను ఒక్కొక్క ఖండపు అత్యున్నత శిఖరాన్ని ఎక్కడమే ఆ లక్ష్యం. పూర్ణ దానిని తనదిగా చేసుకొన్నది.

ఆ శిఖరాలు ఒకదానినొకటి పోలి ఉండవు. 2016లో ఆమె ఎక్కిన ఆఫ్రికాలోని కిలిమంజారో 5,895 మీటర్ల ఎత్తు. కింద దట్టమైన అడవి, పైన మంచు. 2017లో రష్యాలోని ఎల్బ్రుస్ ఎక్కింది. 2019లో మూడు శిఖరాలు పూర్తిచేసింది. వాటిలో దక్షిణ అమెరికాలోని అకాంకాగువా బలమైన గాలులకు పేరుపొందినది. రెండవది ఇండోనేషియా పాలనలోని పపువాలో ఉన్న కార్‌స్టెన్జ్ పిరమిడ్. ఏడవ ఖండం కింద కొందరు ఆస్ట్రేలియాలోని కోసియస్కోను లెక్కిస్తారు. దాని మీదికి కాలిబాట ఉంది, నడిచి వెళ్లవచ్చు. కార్‌స్టెన్జ్ నిట్టనిలువు రాతిగోడ. తాళ్ల సాయంతో పాకుతూ ఎక్కాలి. పూర్ణ ఎక్కినది ఆ రాతిగోడనే. భువనగిరి బండ నేర్పిన విద్య అక్కడ అక్కరకు వచ్చి ఉండాలి. ఆ ఏడాది డిసెంబరులో, సూర్యుడు అస్తమించని రోజులలో, అంటార్కిటికాలోని విన్సన్ శిఖరాన్ని చేరింది.

మిగిలినది ఒక్కటే. ఉత్తర అమెరికాలోని అలాస్కాలో ఉన్న డెనాలి. ఒక్క అడుగు దూరంలో గమ్యం ఉన్నప్పుడు ఆగవలసిరావడం అన్నిటికన్న కష్టం. 2020లో కోవిడ్ వ్యాధి ప్రపంచాన్ని స్తంభింపజేసింది. దేశాల సరిహద్దులు మూతపడ్డాయి. కొండ ఎక్కడానికి బలం కావాలి, ఎక్కకుండా ఎదురుచూడడానికి ఓర్పు కావాలి. చివరి శిఖరం కోసం రెండేళ్లకు పైగా ఆగవలసి వచ్చింది.

డెనాలి ఎత్తు 6,190 మీటర్లు. ఎవరెస్టు కంటె రెండున్నర వేల మీటర్లకు పైగా తక్కువ. అయినా దానిని సులభమనుకోరాదు. ఎవరెస్టు మీద బరువులు మోసి, దారిచూపే షెర్పాలు ఉంటారు. డెనాలి మీద కూలీలు ఉండరు. చిన్న విమానం హిమానీనదం మీద దింపి వెళ్లిపోతుంది. వారాల తరబడి తినే తిండి, వంట చమురు, గుడారం అన్నీ ఎవరివి వారే మోయాలి. సగం బరువు వీపున, సగం మంచుబండి మీద. నడుముకు తాడు కట్టుకొని ఆ బండిని లాగుతూ ఎక్కాలి. కొంత సామాను పైకి చేర్చి, మంచులో పాతిపెట్టి, మళ్లీ కిందికి దిగి, మిగిలినది తేవాలి. అంటే చాలామేర ఆ కొండను రెండుసార్లు ఎక్కినట్లే.

ఆ బృందంలో అజీత్ బజాజ్, ఆయన కుమార్తె దియా బజాజ్, విశాఖపట్నానికి చెందిన అన్మిష్ వర్మ ఉన్నారు. ఆ తండ్రీకూతుళ్లు 2018లో ఎవరెస్టును కలిసి ఎక్కినవారు. ఒక కూతురికి తండ్రి పక్కనే ఉన్నాడు. మరొక కూతురి తల్లిదండ్రులు కబురు కోసం ఎదురుచూస్తూ వేల మైళ్ల దూరంలో ఇంటి దగ్గరే ఉన్నారు. బిడ్డ చేయి పట్టుకొని ఎక్కించడం ఒక విధమైన ప్రేమ. తాము చూడలేని చోటికి బిడ్డను పంపి ధైర్యంగా ఉండడం మరొక విధమైన ప్రేమ.

2022 జూన్ 5న పూర్ణ డెనాలి శిఖరం మీద కాలు మోపింది. ఇరవై రెండవ పుట్టినరోజుకు ఇంకా ఐదు రోజులుంది. ఎవరెస్టు నుంచి డెనాలి వరకు ఎనిమిదేళ్ల పదకొండు రోజులు గడిచాయి.

మొదటి శిఖరానికి పూర్ణను సిద్ధం చేసినవారు ఎందరో ఉన్నారు. పాఠశాల ఎంపిక చేసింది, శిక్షకుడు నేర్పాడు, తల్లిదండ్రులు గుండె దిటవు చేసుకొని పంపారు. ఆ వయసులో ఎవరికైనా ఆ ఆసరా అవసరమే. పెద్దలు నాటిన మొక్క ఎదిగి తన నీడను తానే ఇచ్చినట్లు, చివరి శిఖరానికి ఆమె తన బరువును తానే లాగుకొంటూ వెళ్లింది. అన్నిటికంటె ఎత్తయిన కొండ మీద ఒక చిన్నపిల్ల నిలబడింది. దానికన్న పొట్టి కొండ మీద నిలబడినది, ఎనిమిదేళ్లపాటు ఒకే మాట మీద నిలబడిన మనిషి.