మన సీమ దీవులు

మూడు రోజులు వరసగా సెలవు దొరికితే సీమవాళ్లం సముద్రం వెతుక్కుంటూ పోతాం. ఈసారి ఆత్మకూరు మీదుగా సంగమేశ్వరం పోయి మరబోటు ఎక్కినాం. అక్కడ నిలిచేది శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లే. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు ఆ మట్టానికి దగ్గరైతే గుట్టల తలలు మాత్రమే మిగిలి దీవులైపోతాయి. ఎటు చూసినా నీళ్లే, కళ్లు చాలలేదు! వేపమాను శివలింగమున్న సంగమేశ్వరుడి గుడి మునిగే ఉంది. వేసవిలో మట్టం తగ్గినాకే బయటపడుతుంది.

పుట్టిలో వల వేస్తున్న పెద్దాయన "మా ఊరు ఈ నీళ్ల కిందే ఉంది నాయనా" అని చేయి చాపి చూపించినాడు. డ్యామ్ కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోయినాయి. ఆ ఊళ్ల పేర్లన్నీ రేవు దగ్గర ఒక రాయి మీద చెక్కించాలి. బోటెక్కే ప్రతి పిల్లోడూ చదవాలి.