నీటికి తగిన బట్ట

హిందూపురం
డిసెంబరు, మంగళవారం

తమ్ముడూ,

బెంగళూరు నుంచి పొద్దున బండికి వచ్చి దిగాను. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్న ఊరు. మన కాకినాడలో ఎన్నడూ ఎరగని చలి ఇక్కడ. స్టేషను బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్ళందరికీ చెవుల మీదుగా మఫ్లర్లే. స్వెట్టరు తెచ్చుకున్నానని, దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

చదువుకు వాంకూవర్ వెళ్ళాక చలికాలం కూడా కయాక్ పడవ నడపాలని ఉంది, నీరు చొరబడని డ్రైసూట్ ఎలాంటిది కొనాలి అని అడిగావు కదా. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదిది. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో చలికాలాలన్నీ ఇండియన్ ఆర్మ్ అనే సముద్రపు పాయలో తెడ్డు వేసినదాన్ని కనుక నాకు తెలిసినదంతా ఈ ఉత్తరాల్లో రాస్తాను. ఇప్పుడు వచ్చిన పని కూడా నేత బట్టలు చూసే పనే. రోజంతా బట్ట గురించే ఆలోచన.

మధ్యాహ్నం లేపాక్షి దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే ఆటో ఆగింది. కాపరి పెద్దాయన భుజాన నల్ల కంబళి. దక్కనీ గొర్రెల ఊలు వడికి కురుబలు నేసేది. దిగి పట్టుకుని చూశాను. ముతక ఊలు, అరచేతికి గరగరలాడింది. నేత గట్టిపడటానికి చింతగింజల గంజి పెడతారు కాబట్టి అట్టలా బిర్రుగా ఉంది. ఆయన అనుమతి అడిగి సీసాలోని నీళ్ళు కొంచెం దాని మీద పోశాను. చుక్కలు కాసేపు పైనే నిలిచాయి, తర్వాత మెల్లగా ఇంకాయి.

"వానకు తడవదా పెద్దాయనా?" అన్నాను.

"తడుస్తాదమ్మా. తడిసినా వెచ్చగానే ఉంటాది. బరువైతాది, అంతే" అన్నాడు.

నీకు నేను చెప్పబోయేదంతా ఆ జవాబులో ఉంది. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమను దారం లోపల దాచుకుని కూడా పొడిగా ఉన్నట్టే తోస్తుంది. అందుకే కాపరికి వానలోనూ చలిలోనూ ఒక్క కంబళి చాలు. కానీ ఆయన నిలబడేది నేల మీద. నీళ్ళలో పడితే తడిసిన కంబళి ఈదనివ్వదు, పైకి ఎక్కేటప్పుడు ఆ బరువే అడ్డం. అందుకే నీటి మీదికి వెళ్ళేవాళ్ళు ఈ పనిని రెండు బట్టలకు పంచారు. పైన నీరు చొరబడని తొడుగు, లోపల ఊలు. డ్రైసూట్‌కు తనంతట వెచ్చదనం లేదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకంటావేమో. గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. వాంకూవర్ దగ్గర సముద్రం చలికాలంలో 7, 8 డిగ్రీలుంటుంది. అందులో పడ్డవాడు చలికి బిగుసుకుపోయి చనిపోతాడని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం అంతకు చాలా ముందే వస్తుంది. పడగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారి లోపలికి ఎగబీలుస్తాం. ఆ క్షణంలో ముఖం నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీరే. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీటి మీద పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనికి 1-10-1 అని లెక్క చెప్పాడు. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. చేతులు, కాళ్ళు మన మాట వినేది ఆ తర్వాత 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పేలోగా ఉండేది సుమారు 1 గంట. ఆ మొదటి నిమిషం దెబ్బను తగ్గించి, మిగతా సమయాన్ని పొడిగించేదే డ్రైసూట్.

రేపు పెనుకొండ వెళ్తున్నాను. నాన్న మందులు వేళకు వేసుకుంటున్నారా? చూస్తూ ఉండు.

మీ అక్క

* * *

పెనుకొండ
గురువారం

తమ్ముడూ,

ఈ రోజు గొల్లపల్లి జలాశయం గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి ఎక్కివచ్చిన కృష్ణ నీళ్ళు ఇవి. దగ్గరలోని కియా కార్ల ఫ్యాక్టరీకి కూడా ఇక్కడి నీరే. కరువుకు పేరుపడ్డ ఈ సీమలో అంత నీటిని ఒక్కచోట చూస్తే కడుపు నిండినట్టయింది.

చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది గానీ వణికించే చలి కాదు. ఇలాంటి నీటి మీద డ్రైసూట్ వేసుకుంటే ఎండకు ఉడికిపోతాం. పలచటి చొక్కా, లైఫ్ జాకెట్ చాలు. అంటే సూటు కావాలా వద్దా అని తేల్చేది గాలి కాదు, నీరు. వాంకూవర్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ కాస్తుంది, టీ షర్టు వేసుకోవాలనిపిస్తుంది. నీరు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటుంది. ప్రాణాలు పోయేది అలాంటి రోజుల్లోనే. బయలుదేరే ముందు నీటి వేడి ఎంతో కనుక్కో. 15 డిగ్రీల లోపు అయితే డ్రైసూట్ తప్పనిసరి అనుకో. అంతకు పైన, ఇంకా చల్లగానే ఉండే నీళ్ళకు నియోప్రీన్ వెట్‌సూట్ సరిపోతుంది. అది ఒంటికి అంటుకుని పలచని నీటి పొరను లోపల పట్టి ఉంచి వెచ్చబరుస్తుంది. డ్రైసూట్ ఆ పొరను కూడా రానివ్వదు.

సాయంత్రం కొండ కిందకు వచ్చి కోట చూశాను. 1565లో రాక్షస తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు ఇది. గగనమహల్ ఇంకా నిలిచే ఉంది. ఈ కోటలు కట్టినవాళ్ళు గోడకంటే ఎక్కువ బుర్ర పెట్టింది ద్వారాల మీద. దారిని మెలికలు తిప్పి, బురుజులు కాపలా పెట్టారు. శత్రువు వచ్చేది అక్కడి నుంచేనని వాళ్ళకు తెలుసు. డ్రైసూట్ సంగతీ అంతే. బట్ట ఎంత గొప్పదైనా నీరు వచ్చేది మెడ, మణికట్లు, పాదాలు, జిప్పు దగ్గరే. కొనేటప్పుడు ముందు చూడాల్సినవి అవే.

మెడకు, మణికట్లకు సీళ్ళుంటాయి. లేటెక్స్ సీలు నీటిని బాగా ఆపుతుంది. మెడ దగ్గర నియోప్రీన్ ఉన్నవాటిని సెమీ డ్రై అంటారు. గొంతుకు హాయిగా ఉంటాయి గానీ ఈత కొట్టాల్సివస్తే కొంచెం కారుతాయి. ఒడ్డు పట్టుకుని తిరిగేవాళ్ళకు ఫరవాలేదు, నువ్వు సముద్రంలోకి పోతానంటున్నావు కాబట్టి లేటెక్స్ తీసుకో. లేటెక్స్ పడని ఒళ్ళయితే సిలికాన్ సీళ్ళున్నాయి. కొత్త సీలు బిగుతుగా ఉంటుంది. తగిన కైవారమున్న గిన్నెకు తొడిగి రాత్రంతా ఉంచితే సాగుతుంది. అప్పటికీ గుటక మింగడం కష్టమైతే అంచున ఉన్న గీతల వెంబడి కత్తిరించాలి. ఒక గీత కత్తిరించి, తొడిగి చూసి, కావాలంటేనే రెండోది. ఎక్కువ తెగితే మళ్ళీ అతకదు.

పాదాలకు సూటు బట్టతోనే కుట్టిన సాక్సులున్నది ఎంచుకో. చీలమండ దగ్గర సీలుతో ఆగిపోయేవాటిలో పాదాలు తడుస్తాయి. చలి ముందు పట్టేది వాటినే. జిప్పు ముందు వైపు ఏటవాలుగా ఉంటే ఎవరి సాయం లేకుండా వేసుకోగలవు. వీపు మీద ఉంటే రెండో మనిషి కావాలి. మూత్రానికి వేరే చిన్న జిప్పు కూడా ఉండాలి. అది లేదని నీళ్ళు తాగకుండా గంటల తరబడి తెడ్డు వేసేవాళ్ళను చూశాను. ఒంటికి ఎంతమాత్రం మంచిది కాదు.

కొలత దుకాణంలోనే చూసుకో. లోపల వేసుకోబోయే ఊలు బట్టలతోనే సూటు తొడుక్కో. గొంతుక్కూర్చో. చేతులు పైకెత్తు. నేల మీద కాళ్ళు చాపి కూర్చుని తెడ్డు వేస్తున్నట్టు నడుము తిప్పు. ఎక్కడా లాగకూడదు. మరీ వదులైతే లోపల గాలి నిలిచి నీళ్ళలో ఉబ్బిపోతావు.

పెనుకొండ బాబయ్య దర్గాలో అమ్మ పేరు చెప్పి దండం పెట్టాను.

మీ అక్క

* * *

ధర్మవరం
శనివారం

తమ్ముడూ,

పట్టుచీరల ఊరికి వచ్చాను. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గం చప్పుడే. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉందని నీకు తెలిసే ఉంటుంది. ఒక ఇంట్లో గుంటమగ్గం ముందు కూర్చుని పని చూశాను. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు అతుకుతోంది ఆ ఇల్లాలు. వేళ్ళకు బూడిద అద్దుకుని పాత పోగు, కొత్త పోగు కలిపి ఒక్క మెలి తిప్పుతుంది. ముడి ఉండదు. వేల పోగులు అలాగే ఒక్కొక్కటిగా. ఒక్క పోగు తప్పినా బట్టలో గీత పడుతుందని, తెగినది కనిపించిన వెంటనే అతకాలని చెప్పింది.

ఆమె మాట వింటుంటే నీకు ఇంకా రాయాల్సింది గుర్తుకొచ్చింది. వెయ్యి డాలర్లు పైబడిన సూటును కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు.

ముందు బట్ట సంగతి. మంచి సూట్లు మూడు పొరలవి. పైన నైలాన్, మధ్యలో చెమట ఆవిరిని బయటికి పంపి నీటిని ఆపే పొర, లోపల దాన్ని కాపాడే అస్తరు. గోర్‌టెక్స్ అనేది ఆ మధ్య పొరల్లో పేరుపడ్డది. కోకటాట్ కంపెనీ దాంతో సూట్లు చేస్తుంది. ఆవిరి పోని చవక బట్ట కూడా నీటిని ఆపుతుంది. కానీ తెడ్డు వేస్తే చెమట పడుతుంది, ఆ చెమట లోపలి ఊలును తడిపి మనల్ని లోపల నుంచే చలికి గురి చేస్తుంది. ఇక్కడ డబ్బుకు వెనకాడొద్దు. లోపల మెరినో ఊలు గానీ ఫ్లీస్ గానీ వేసుకో. నూలు బట్ట వద్దే వద్దు. తడిస్తే ఆరదు, వేడిని నిలపదు.

రంగు నారింజో పసుపో తీసుకో. నీళ్ళలో పడ్డ మనిషిని పడవ నుంచి వెతికేవాళ్ళకు నలుపు, నీలం కనిపించవు.

సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరెయ్యి. ఎండ, నూనె, సన్‌స్క్రీన్ లేటెక్స్‌ను తినేస్తాయి. ఎంత జాగ్రత్తగా ఉన్నా సీళ్ళు కొన్నేళ్ళకు పాడవుతాయి, మార్పించుకోవాలి. ఇత్తడి జిప్పుకు మైనం, ప్లాస్టిక్ జిప్పుకు సిలికాన్ గ్రీజు రాస్తూ ఉండాలి. ఎక్కడో కారుతోందని అనుమానమొస్తే సీళ్ళు మూసి లోపల గాలి నింపి, పైన సబ్బునీళ్ళు రుద్ది చూడు. బుడగ వచ్చిన చోటే చిల్లు.

చదువుకునేవాడివి, కొత్త సూటు కొనే డబ్బు లేకపోవచ్చు. వాడిన సూటు కొనుక్కో, తప్పు లేదు. సీళ్ళు పాతబడి ఉంటే మార్చవచ్చు కనుక వాటికి బేరం ఆడు. జిప్పు పళ్ళు వంగి ఉన్నా, మధ్య పొర ఊడి వస్తున్నా ఆ సూటు వదిలెయ్యి. అదీ కుదరకపోతే అద్దెకు తీసుకో. అద్దెకూ దొరకని రోజున చలినీటి మీదికి వెళ్ళకు.

కొన్నాక మొదటి పని, ఒడ్డు దగ్గర నడుము లోతు నీళ్ళలో స్నేహితుణ్ణి పక్కన పెట్టుకుని దిగడం. గొంతుక్కూర్చుని మెడ సీలు వేలితో కొంచెం తెరిస్తే లోపలి గాలి బయటికి పోతుంది. అప్పుడు తేలి చూడు, ఈది చూడు, బోల్తాపడ్డ కయాక్‌లోకి మళ్ళీ ఎక్కడం సాధన చెయ్యి. డ్రైసూట్ నిన్ను పొడిగా ఉంచుతుంది, తేల్చి ఉంచే పని దానిది కాదు. దాని మీద లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఉండాలి.

అందరూ ముందు కంపెనీ పేరు అడుగుతారు. నన్నడిగితే ముందు కొలత, తర్వాత సీళ్ళు, ఆ తర్వాత బట్ట, చివరికి పేరు. ఈ వరుస తప్పకు. నేను సోమవారానికి ఇంటికి చేరతాను. నువ్వు వాంకూవర్ చేరాక, సూటు వేసుకుని నీళ్ళలో దిగి చూసుకున్నాకే సముద్రంలోకి వెళ్తానని అమ్మకు, నాకు మాట ఇవ్వాలి.

ఆశీస్సులతో
మీ అక్క