నక్కో, వద్దు, వేండాం

మొన్న ఇషా నమాజ్ అయినాక మా ఆపా కొడుకు చెన్నై నుంచి ఫోన్ చేసిండు. కొత్త నౌకరీ, ఇంకా రెండు నెలలు కాలేదు. "మామూ, తమిళ్‌లో హా అనుడు వచ్చింది గానీ, మనా కర్నా వస్తలేదు" అన్నడు. సంగతేందంటే, ఆదివారం పనికి వస్తావా అని వాళ్ల మేనేజర్ అడిగితే వీడు ఎక్కడో విన్న ముక్క పట్టుకుని 'వరమాట్టేన్' అన్నడట. పాపం, వీడికి బుఖార్. రాలేనని చెప్పుకుందామనుకున్నడు. నోట్లోంచి మాత్రం 'నేను రాను' అని వచ్చింది. మేనేజర్ మొహం మాడిపోయిందట.

నేనేం తమిళంలో ఉస్తాద్‌ను కాను. అమ్మీ ఇలాజ్ కోసం వెల్లూరులో నెల రోజులున్నప్పుడు అంటుకున్న తమిళమే నాది. కానీ ఈ 'నహీ' తక్లీఫ్ నాకు బాగా ఎరుకే. దీంతోనే ఒకసారి మా అబ్బాను చంపేసిన.

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. బాన్సువాడలో మా మొహల్లా దాటితే తెలుగే, అయినా నాకు వచ్చింది బజారు తెలుగు. ఒకరోజు రేషన్ కార్డుల సర్వే అని ఒకాయన రిజిస్టర్ పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డడు. "మీ నాయన ఉన్నడా?" అన్నడు. అబ్బా చెరుకు పైసల పని మీద బోధన్ పోయిండ్రు. 'అబ్బా నై హై' అన్నదాన్ని మనసులోనే తర్జుమా చేసి "అబ్బా లేరు" అన్న. ఆయన నాలుక చప్పరించి "అయ్యో, ఎన్ని రోజులాయె?" అని అడిగిండు. "మూడు రోజులు" అన్న. నా తల నిమిరి, పేరు కొట్టేసి పోయిండు.

తర్వాత రేషన్ దుకాణంలో ఒక మనిషి బియ్యం తక్కువొచ్చినయి. అబ్బా నన్ను వెంటబెట్టుకుని, తాను జిందా ఉన్నానని చూపించుకోవడానికి ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగిండ్రు. దారంతా నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి అమ్మీతో మాత్రం "వీడికి తెలుగు సరిగ్గా చదివించాలె" అన్నరు. నేను డిగ్రీలో తెలుగు తీసుకోవడానికి కారణమేందని సాహిత్య సభల్లో ఎవరన్నా అడిగితే ఏవేవో చెప్తుంట. అసలు కారణం ఇదీ.

అబ్బా ఇంతెఖాల్ అయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరన్నా అడిగితే అదే జుమ్లా చెప్తున్న, "అబ్బా లేరు" అని. తప్పు పట్టేటోళ్లు ఎవరూ లేరు.

డిగ్రీలో మా తెలుగు సార్ విడమరిచి చెప్పిండు. ఉనికి లేకపోతే 'లేదు', అది ఇది కాకపోతే 'కాదు'. కితాబ్ లేదు, ఇది కితాబ్ కాదు. మన ఉర్దూలో రెండింటికీ ఒకటే 'నహీ హై'. అందుకే మనోళ్లు "నేను డాక్టర్ లేను" అంటుంటరు, బయటోళ్లు నవ్వుతరు. నవ్వేటోళ్లు తమిళనాడు పోతే తెలుస్తది. అక్కడ మాట్లాడే భాషలో రెండింటికీ 'ఇల్ల' ఒక్కటే సరిపోతది. పుస్తకం ఇల్ల, నాన్ డాక్టర్ ఇల్ల. అచ్చం మన నహీ లెక్కనే. వెల్లూరులో మొదటి రోజే నాకు ఇది తెలిసి ఎంత ఖుషీ అయిందో!

భాంజేకు ఇదే ముందు చెప్పిన. తర్వాత అసలు సంగతి. ఉర్దూలో నహీ క్రియకు బయట నిలబడుతది. నహీ ఆయా, నహీ ఆవూఁగా, నహీ ఆ సక్తా, మూడింటిలోనూ నహీ మారదు. తెలుగులో ఆ 'నా' క్రియలోకే దూరుతది. రాలేదు, రాను, రాలేను. తమిళం కూడా అంతే. రాలేదు అంటే 'వరల'. నేనైనా, వాడైనా, వాళ్లైనా వరల ఒక్కటే, మన 'రాలేదు' కూడా అంతే కదా. రాను అంటే 'వరమాట్టేన్', దీంట్లో ఇష్టం లేదన్న మతలబు ఉంటది. ఇది మనిషిని బట్టి మారుతది, వాడు రాడు అంటే 'వరమాట్టాన్'. రాలేను అంటే 'వర ముడియాదు'. బుఖార్ వచ్చినోడు అనాల్సింది ఇది. బస్సు రాదు అంటే 'వరాదు', ఇది విని తెలుగోళ్లు సొంతూరి మాటనుకుంటరు. పాత తమిళంలో మన 'చేయను' లాంటి 'సెయ్యేన్' ఉండేది. మాట్లాడే తమిళంలో అది పోయి మాట్టేన్ వచ్చింది. మన దగ్గర మిగిలింది.

"ఎవరన్నా ఏదన్నా ఇస్తే, వద్దంటే?" అన్నడు.

"వేండాం."

వెల్లూరులో అమ్మీకి ఈ ముక్క ఎంత నేర్పినా రాలేదు. రసం అన్నం తెస్తే చెయ్యి అడ్డం పెట్టి "నక్కో, నక్కో" అనేది. నేను తర్జుమా చేయబోయేలోగానే అక్కడి ఆయమ్మ నవ్వి ప్లేటు తీసేసింది. ఆమెది ఆంబూర్, ఇంట్లో వాళ్లదీ దక్ఖనీయే. మరాఠీ నుంచి మనకొచ్చిన నక్కో అంత దూరం పోయిందని అమ్మీకి ఒకటే సంబరం. ఆ రోజు నుంచి ఆయమ్మ రాని పూట అమ్మీ అన్నం సరిగ్గా తినలేదు.

నిన్న వాడే మళ్లీ ఫోన్ చేసిండు. మేనేజర్‌తో 'వర ముడియాదు' అని చెప్పి, బుఖార్ సంగతి కూడా చెప్పిండట. ఆయన గోలీ తెప్పించి ఇచ్చిండట. అమ్మీ ఫోన్ లాక్కుని బక్రీద్‌కు వస్తున్నవా అని అడిగింది. వాడు కొత్తగా నేర్చిన ఇల్మ్ చూపిద్దామని "నానీ, వర ముడియాదు" అన్నడు.

"అట్ల నక్కో బోల్. టికెట్ తీసుకో" అని అమ్మీ ఫోన్ పెట్టేసింది.