అరుగు బొమ్మ

మా మాదిగపల్లెలో ఎవరింట్లోనూ గడియారం ఉండేది కాదు. అలాగని మాకు టైము తెలవదనుకుంటే పొరపాటు. ఆసామి మనిషి వచ్చి పల్లె మొదట్లో నిలబడి కేకేస్తే మా అమ్మకి తెల్లారినట్టు. ఆసామి ఇంక పొమ్మంటే పొద్దు గూకినట్టు. తమ్ముడికి పాలిస్తున్నా సరే, కేక వినబడితే రొమ్ము లాక్కుని లేచేది. వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. మా నాయన జీతగాడు. ఆసామి ఎడ్లకి మేతెప్పుడు, కుడితెప్పుడు అని ఘడియ తప్పకుండా చూసినోడు, సొంత కూతురు ఎన్నింటికి బడికి పోవాలో చూడలేకపోయాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని, పొయ్యికాడ పని తెముల్చుకుని నేను పోయేసరికి ప్రార్థన అయిపోయేది. "మీ పల్లెవోళ్లకి టైమంటే లెక్కేందే" అని పంతులు బెత్తం తీసేవాడు. పలకుంటే బలపం ఉండేది కాదు. బలపం ఉంటే పుస్తకం ఉండేది కాదు. దానికింకో దెబ్బ. మావి మొద్దుబుర్రలని ఆయన తేల్చేశాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పెద్దయ్యాక పిల్లలకి టైము నేర్పడమే నా ఉద్యోగమైంది. అదీ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి. మానసిక వికలాంగుల జాతీయ సంస్థని సికిందరాబాదులో 1984లో పెట్టారు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్ కింద మండలాల్లో భవిత కేంద్రాలు తెరిచారు. ప్రత్యేక విద్యలో డిప్లొమా చదివిన నేను అలాంటి ఒక కేంద్రంలో టీచరుగా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి రెన్యువల్. ఆ రెన్యువల్ భయం నాచేత ఏం చేయించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిన్నోడు నా చేతికొచ్చేటప్పటికి తొమ్మిదేళ్లవాడు. చిన్నోడు అనేది వాళ్లమ్మ పిలుపు. వాడిది మా మండలంలోనే ఇంకో మాదిగపల్లె. మాటలు నాలుగైదుకి మించి లేవు. పల్లెలోని ప్రైమరీ బడిలో రైలుపట్టా ముక్క వేలాడదీసి గంట కొట్టేవాళ్లు. గంట మోగితే చాలు, చెవులు మూసుకుని బడి దాటి పరుగెత్తేవాడు. తెలుగు తీసేసి లెక్కలు పెట్టమంటే పుస్తకం చించేవాడు. అన్నానికి లేవమంటే పళ్లెం విసిరికొట్టేవాడు. "ఈడికి పిచ్చమ్మా, ఇంటికి పంపిచ్చెయ్" అన్నాడు హెడ్మాస్టరు.

వారం రోజులు ఊరికే కూర్చుని చూశాను. వాడికి అన్నం మీద కోపం లేదు. లెక్కల మీదా లేదు. చేస్తున్న పనిని చెప్పాపెట్టకుండా చేతుల్లోంచి లాగేసుకుంటుంటే తట్టుకోలేకపోతున్నాడు. తర్వాత ఏం జరగబోతుందో వాడికెవరూ చెప్పలేదు. చెప్పినా ఆ మాటలు వాడిలో నిలవవు. గుక్కపట్టిన మా తమ్ముడు గుర్తొచ్చాడు.

మాట నిలవని చోట బొమ్మ నిలుస్తుంది. అట్టపెట్టెలు కోసి ప్రార్థన, తెలుగు, లెక్కలు, అన్నం, ఆట, ఇల్లు, ఆరు బొమ్మలు గీశాను. గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించాను. ఒక పని అయిపోతే ఆ బొమ్మ తీసి వాడే డబ్బాలో వేయాలి. అప్పుడు తర్వాతి బొమ్మ మీద చెయ్యి పెట్టాలి. రెండు నీళ్లసీసాల మూతులు కలిపి అతికించి ఇసక పోశాను. ఇసక కిందికి దిగేలోపు పని ఆపడానికి సిద్ధపడాలి. అయిదు నిమిషాలంటే వాడికి తెలవదు గానీ, ఇసక అయిపోవడం కళ్లకి కనబడుద్ది. తెలుగు పుస్తకానికి ఎర్ర అట్ట, లెక్కలకి పచ్చ అట్ట వేశాం. పెన్సిల్ని దారంతో సంచికే కట్టేశాం. సంచి సర్దడం వెనక నుంచి నేర్పాను. అన్నీ మేం పెట్టి, చివరిది మాత్రం వాడిచేత పెట్టించేవాళ్లం. అది వచ్చాక చివరి రెండూ. ఎప్పుడు చేసినా పని ముగించింది తనే అన్న తృప్తి వాడికి దక్కాలి. ఇక గంట సంగతి. ఆ సుత్తి వాడి చేతికే ఇమ్మన్నాను. గంట ఎప్పుడు మోగుద్దో ముందే తెలిసినవాడు ఎందుకు పరుగెత్తుతాడు? మూడు వారాలకి పరుగు ఆగింది.

2012లో అయిదో తరగతి అయిపోయింది. హైస్కూలు ఊళ్లో ఉంది. పల్లె నుంచి ఊరు దాటుకుని అవతలి చివరికి పోవాలి. మామూలు పిల్లలకే ఆరో తరగతి కొత్త. పీరియడుకో సారు, కరెంటు బెల్లు. చిన్నోడికైతే అది ఇంకో లోకం. అందుకని ఎండాకాలం సెలవుల్లోనే దారి మొదలుపెట్టాం. దీన్నీ వెనక నుంచే నేర్పాను. సైకిలు మీద గేటు దాకా తీసుకుపోయి ఆఖరి పది అడుగులు నడిపించడం, తర్వాత పిండిమర కాణ్ణించి, ఆ తర్వాత ఇంకాస్త వెనక నుంచి. దారికి అయిదు గుర్తులు పెట్టాను. మా చర్చి మెట్టు, నీళ్లట్యాంకు, రామాలయం అరుగు, పిండిమర, హైస్కూలు గేటు. అయిదు బొమ్మలు తాడుకి గుచ్చి మెళ్లో వేశాను. గుర్తు దగ్గరికి రాగానే అరచేత్తో ఒకసారి తట్టి, బొమ్మ తిప్పి, ముందుకు పోవాలి. అరుగుని ఎంచింది నేనే. కొట్లు తీస్తారు మూస్తారు, ఫ్లెక్సీలు మారతాయి. కదలని గుర్తు కావాలని వెతికి అరుగుని పట్టుకున్నాను.

బళ్లు తెరిచిన పదోరోజున ఒక పెద్దాయన నన్ను ఆపాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఆ పిల్లోడు రోజూ వచ్చి రాములోరి అరుగు తడుముతున్నాడు. వాడంటే తెలివిలేనోడు. తెలివున్నదానివి నువ్వన్నా చెప్పబళ్లా?"

కులం పేరెత్తలేదు. ఎత్తక్కర్లేదు. 1989 చట్టం నాకు తెలుసు. నా రెన్యువల్ కాయితం మీద ఎవరెవరి మాట నడుస్తుందో కూడా తెలుసు. ఆ రాత్రి తాడు విప్పి అరుగు బొమ్మ తీసేశాను. నాలుగు చాల్లే అనుకున్నాను.

పొద్దున్నే చిన్నోడు ట్యాంకు దాటి అరుగు కాడికొచ్చి ఆగాడు. తాడు తిప్పాడు. బొమ్మ లేదు. మళ్లీ మొదట్నుంచి తిప్పాడు. నాకేసి చూసి చెయ్యి చాపాడు, ఇయ్యమని. "పదరా, పద" అని భుజం పట్టుకుని లాగాను. రోడ్డు మధ్యలో కూలబడ్డాడు. చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టాడు. రెండేళ్ల కిందటి అరుపు. జనం పోగయ్యారు. వాళ్లమ్మ కూలికి పోతా పోతా పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"మా అత్తా నేనూ ఆ అరుక్కి ఎడంగా నడవటం ఎవురూ చెప్పకుండానే నేర్చుకున్నాం టీచరమ్మా. ఈడికొక్కడికి అది రాలా. రానోడికి మళ్లా నువ్వు నేర్పిస్తన్నావా?"

చెంప మీద కొట్టినట్టయింది. బెత్తం పట్టుకున్న పంతులు నాలోనే ఉన్నాడు. వాడికి అన్నీ మెట్లుమెట్లుగా నేర్పిన నేను, అంటరానితనాన్ని కూడా ఒక బొమ్మ తీసి నేర్పబోయాను. వాడు ఫెయిలయ్యాడు. ఫెయిలయి నన్ను కాపాడాడు.

మర్నాడు బొమ్మ మళ్లీ తాడుకి ఎక్కింది. నేను పక్కనే నడిచాను. అరుగు మీద నలుగురు కూర్చునున్నారు. చిన్నోడు ఎవర్నీ చూడలేదు. అరచేత్తో తట్టాడు. బొమ్మ తిప్పాడు. పెద్దాయన నోరు తెరవబోతే, "ఇది తీస్తే వాడు బడికి రాలేడండీ. బడి వాడి హక్కు" అన్నాను. నా గొంతు వణికింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంతకుమించి ఏ గెలుపూ లేదు. ఆ ఏడు నా రెన్యువల్ రెండు నెలలు ఆగింది. జీతం లేకుండా పనిచేశాను. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు.

2016లో కొత్త చట్టం వచ్చింది. 21 రకాల వైకల్యాలని లెక్కలోకి తీసుకుంది. మంచిదే. చిన్నోడు పదో తరగతి దాకా ఆ దారినే నడిచాడు. పదో తరగతి పాసవలేదు. ఇప్పుడు అమ్మతో మిరపకోతలకి పోతాడు. మెళ్లో తాడు లేదు గానీ సంచిలో నీళ్లసీసా, అన్నం డబ్బా, తువ్వాలు అదే వరసలో ఉంటాయి. చేనికి పోయే దారి కూడా ఊరి మధ్య నుంచే. అరుగు కాడ ఆగుతాడు, తట్టి పోతాడు.

ఆ ఊరికి పోయినప్పుడు నా కాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ అరుగు కాడ కాస్త ఎడంగా జరుగుతాయి. గమనించుకుని మళ్లీ దగ్గరికి జరుగుతాను.