కనిగిరి దారి అడిగే కారు

గుంటూరు నుంచి కనిగిరికి ఇంతకన్నా సూటి దారులున్నాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, చీమకుర్తి, పొదిలి మీదుగా చుట్టు తిరిగే ఈ దారిని నేను పట్టుకున్నది రోడ్ల కోసమే. పదేళ్లు దాటిన హాట్ హ్యాచ్‌కి, అంటే జోరున్న చిన్న కారుకి, కుదుపు తగ్గాలన్నా, మలుపులో పట్టు పెరగాలన్నా ఏం చేయించాలి అన్న ప్రశ్నకు ఇక్కడ అంచెలంచెలుగా జవాబు దొరుకుతుంది. నల్లరేగడి మీద అలలు తిరిగిన రోడ్డు, ఆరు వరసల జాతీయ రహదారి, గ్రానైట్ లారీలు నలగ్గొట్టిన మెట్ట రోడ్డు, మూడూ వరసగా తగులుతాయి. కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 105 పీఎస్ సత్తువ, బరువు 1,100 కిలోలకు కాస్త పైన. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఇక్కడి రోడ్ల మీదున్న ప్రతి పోలో పాతదే. 2010లో అమ్ముడైన మొదటి వాటికైతే పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా తీరింది. ఇలాంటి కారు చేతికి రాగానే చాలామంది చేయించే మొదటి పని స్ప్రింగులు పొట్టివి వేయించి, గట్టిపరచి, కిందికి దించడం. నా వాదన దీనికి ఎదురు. పాత కారు పోగొట్టుకున్నది గట్టిదనాన్ని కాదు, అదుపును. ముందు దాన్ని తిరిగి తెచ్చుకుంటే కుదుపూ తగ్గుతుంది, పట్టూ పెరుగుతుంది. ఒకదాన్ని వదులుకుంటేనే రెండోది వస్తుందన్న లెక్క మన రోడ్ల మీద నిలవదు.

నరసరావుపేట దాటి కోటప్పకొండ కనుచూపులో ఉండగా చిలకలూరిపేట వైపు సాగే నేల అంతా పత్తికీ మిర్చికీ పేరుపడ్డ రేగడి. ఆ పంటలకు బలమైన గుణమే రోడ్డుకు శాపం. రేగడిలోని బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తారు కింద మధ్యభాగంలో తేమ పెద్దగా మారకుండా ఉండిపోతే, పక్కనున్న చేలగట్ల నీరు అంచుల్లోకి దిగుతుంది. అలా ఏళ్ల తరబడి ఉబ్బి తగ్గి, గుంట అంటూ లేకుండానే రోడ్డు అలలు తిరుగుతుంది. చూపుకు బాగానే ఉంటుంది, కారు మాత్రం తేలుతుంది. ఎందుకు తేలుతుందో లెక్క చిన్నది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అలకూ అలకూ మధ్య 18 మీటర్లుంటే కారుకు సెకనుకు దాదాపు 1.2 సార్లు కింది నుంచి తోపు తగులుతుంది. మామూలు చిన్న కారు తన స్ప్రింగుల మీద ఊగే సహజమైన ఊపు కూడా సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లే. తోపూ ఊపూ కలిసినప్పుడు ఊగిసలాట పెరుగుతూ పోకుండా ఆపేది స్ప్రింగు కాదు, షాక్ అబ్జార్బర్. అందులోని నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరుతూ ఆ ఊపును వేడిగా మార్చి వదిలేస్తుంది. సీళ్లు అరిగి, నూనె చెమర్చి, వాయువు పోయిన షాక్‌కి ఈ పని చేతకాదు. అయితే అది ఒక్కరోజులో చచ్చిపోయేది కాదు, నెమ్మదిగా నీరసిస్తుంది, నడిపేవాడు దానికి అలవాటు పడిపోతాడు. చివరికి ఒకరోజు కారు రెండో అల మీద, మూడో అల మీద కూడా లేచి పడుతుంటే, స్ప్రింగులు మెత్తబడ్డాయని తీర్పు చెప్పేస్తాడు. ఉక్కు స్ప్రింగు వయసుతో కొంచెం కుంగవచ్చు, విరగవచ్చు. దాని గట్టిదనం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గదు. జబ్బు షాకుల్లో ఉంటే మందు స్ప్రింగులకు వేస్తున్నామన్నమాట.

ఈ అలల రోడ్డు మీదే ఇంకో విషయం తేలుతుంది. పోలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు. ముందు చక్రం ఎక్కిన అలను వెనక చక్రం సెకనులో తొమ్మిదో వంతు ఆలస్యంగా ఎక్కుతుంది. అందుకని ముందు భాగం కాస్త నెమ్మదిగా, వెనక భాగం కాస్త చురుగ్గా ఊగేలా స్ప్రింగులు అమరిస్తే, వెనకది ముందుదాన్ని అందుకుని కారు మొత్తం సమంగా లేచి దిగుతుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు ప్రయోగాలు చేసి తేల్చిన సూత్రం ఇది. మన దగ్గర రోడ్డు పక్క షాపుల్లో ముందు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికిస్తారు, లేదా ఒక చుట్టు కోసేస్తారు. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. అలా ముందు భాగం చురుకెక్కితే ఓలీ చెప్పిన వరస తిరగబడి, కారు తలాడిస్తూ పోతుంది. వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పేది ఈ తలాడింపే. నులకమంచం వదులైతే నులక బిగిస్తాం గానీ కోళ్లు నరికి పొట్టి చేయం. కారు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా అదే పని డబ్బిచ్చి చేయించుకుంటున్నాం.

చిలకలూరిపేట దగ్గర జాతీయ రహదారి ఎక్కాక నా వాదనకు ఎదురుగాలి మొదలవుతుంది. ఒంగోలు దాకా రోడ్డు నున్నగా, వెడల్పుగా ఉంటుంది. గట్టి స్ప్రింగుల కారు ఇక్కడ నిజంగానే బాగుంటుంది: ఒరగదు, స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది. రేసు కార్లు గట్టిగా ఉండవా, ఇదే పోలోతో 2010 నుంచి నడిచిన పోలో కప్ రేసుల్లో కార్లను కిందికి దించలేదా అని అడుగుతారు. దించారు, కానీ శ్రీపెరుంబుదూరు రేసు ట్రాక్ మీద గుంటలూ స్పీడ్ బ్రేకర్లూ ఉండవు, కారులో పిల్లలు ఉండరు, సామాను ఉండదు. అసలు సంగతి ఒరగడానికీ పట్టు తప్పడానికీ ఉన్న తేడాలో ఉంది. మలుపులో బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరగాలన్నది తేల్చేవి కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు జోరు. ఇద్దరు మనుషులతో 1,250 కిలోల కారుకు గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య వెడల్పు 1.45 మీటర్లు అనుకుందాం. గురుత్వంలో సగం బలంతో మలుపు తిరిగితే దాదాపు 240 కిలోలు అటు జరుగుతాయి. స్ప్రింగులు దూదివైనా రాతివైనా ఆ అంకె పెద్దగా మారదు. గట్టి స్ప్రింగు ఒరుగుడును కంటికి కనపడకుండా చేస్తుందంతే. ముందు, వెనకల గట్టిదనం పాళ్లు మారిస్తే మలుపులో ముక్కు బయటికి తోసుకుపోయే గుణం తగ్గించవచ్చన్నది ఒప్పుకోవాల్సిందే. దానికి నాలుగు వైపులా గట్టిపరచనక్కర్లేదు.

కిందికి దించడం మీద ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. పోలో ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం. కారును 40 మిల్లీమీటర్లు దించితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది, దాంతో కారు ఏ కేంద్రం చుట్టూ ఒరుగుతుందో ఆ కేంద్రం గరిమనాభి కన్నా ఎక్కువగా కిందికి జారిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగేసరికి ఒరిగించే బలం పెరుగుతుంది. దాన్ని ఆపడానికి మళ్లీ ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. కంపెనీ కారు కిందికి దించినప్పుడు జాయింట్ల ఎత్తులు కూడా మార్చి ఈ చిక్కు తప్పిస్తుంది. స్ప్రింగులు మాత్రమే మార్చే షాపు తప్పించలేదు. గుండ్లకమ్మ వంతెన మీద అతుకుల దగ్గర గట్టి కారు టపటపా కొట్టుకునే తీరు, ఆ నున్నటి రోడ్డు మీద కూడా లాభం అనుకున్నంత లేదని చెబుతుంది.

ఒంగోలు దాటి పడమటికి తిరిగాక రోడ్డు స్వభావమే మారిపోతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, నల్లరాతిలో బంగారు చుక్కలున్నది, ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. ఆ రాతి దిమ్మెలు ఎక్కించుకున్న లారీల బరువుకు రోడ్డు పగిలి, అతుకులు పడి, అతుకుల అంచులు మళ్లీ లేస్తాయి. ఇక్కడ అలలు లేవు, అంచులున్నాయి. పదునైన అంచు తగిలినప్పుడు షాక్ కదిలేలోపే దెబ్బ తినేది టైరు. అందుకే కారు రైడ్ గురించి మాట్లాడేటప్పుడు నేను టైరు గోడను కూడా స్ప్రింగుగానే లెక్కపెడతాను. పోలోకి మొదట వచ్చిన 185/60 ఆర్15 టైరు గోడ ఎత్తు 111 మిల్లీమీటర్లు. అందం కోసం 205/45 ఆర్17 వేస్తే అది 92కి పడిపోతుంది. పోయిన ఆ 19 మిల్లీమీటర్ల రబ్బరు బదులు దెబ్బ అల్లాయ్ రిమ్ము, బేరింగు, స్ట్రట్ మౌంట్ పంచుకుంటాయి. 195/60 ఆర్15 వేస్తే గోడ 117 అవుతుంది, చక్రం మొత్తం వ్యాసం 12 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాస్త వెడల్పూ దక్కుతుంది. స్పీడోమీటరు రెండు శాతం తక్కువ చూపిస్తుంది, అంతే. టైరు అరగకపోయినా ఎండిపోతుందని మరచిపోకూడదు. గోడ మీది డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. పది డిగ్రీల వేడి పెరిగితే ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పల్నాడు, ప్రకాశం ఎండల్లో మధ్యాహ్నం పెట్రోలు బంకులో చూసి గాలి తీయించుకున్నవాడు తెల్లారేసరికి తక్కువ గాలితో తిరుగుతుంటాడు.

పొదిలి వైపు ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రని హంప్ కొలతలు 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా. ఊళ్లో వాళ్లు పోసుకున్నవి అందులో మూడో వంతు వెడల్పూ ఉండవు. ఇక్కడ మెత్తటి కారు నిండా మనుషులుంటే కింద తగలదా అన్నది న్యాయమైన ప్రశ్నే. పోలో కింద ఖాళీ 165 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే మరి. తగిలితే అసలు ఎత్తు ఎంత మిగిలిందో ముందు కొలవాలి. స్ప్రింగు కుంగితే కంపెనీ కొలత స్ప్రింగే కొత్తది వేయాలి, రబ్బరు బంప్ స్టాపులు పొడి అయిపోయుంటే అవీ మార్చాలి. ఇవి చేయకుండా గట్టిపరిస్తే తగలడం కొంత తగ్గుతుంది, మిగతా రోడ్డంతా శిక్ష అవుతుంది.

పొదిలి నుంచి కనిగిరి దాకా రేగడి పోయి ఎర్రనేల, రాళ్లు, అక్కడక్కడ కంది, పొగాకు. ఎండ మాత్రం అన్నిచోట్లా ఒకటే, రబ్బరుకు వయసు తెచ్చేదీ అదే. సస్పెన్షన్‌లో ప్రతి కీలు దగ్గరా రబ్బరు బుష్ ఉంటుంది. లోయర్ ఆర్మ్ వెనక బుష్ చీలితే బ్రేకు వేసినప్పుడు చక్రం కొద్దిగా వెనక్కి జరిగి దాని దిశ మారుతుంది. నడిపేవాడికి స్టీరింగ్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది, వెడల్పు టైర్ల కోసం వెతుకుతాడు. స్టెబిలైజర్ లింక్ రాడ్లు అరిగితే చిన్న గతుకుకే టకటక చప్పుడు, అది విని సస్పెన్షన్ మొత్తం పోయిందంటారు. స్ట్రట్ మౌంట్ బేరింగు బిగిసిపోతే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. వెనక ఇరుసు బుష్‌లు సాగితే లేన్ మారేటప్పుడు వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ఈ నాలుగూ కలిస్తే వచ్చే కారునే జనం ‘పాతబడింది, ఇక అంతే’ అంటారు. పాలీయురిథేన్ బుష్‌లు వేస్తే ఇంకా మంచిది కదా అన్న మాట కనిగిరి లాంటి దారికి నప్పదు. అవి దెబ్బను మింగవు, క్యాబిన్‌లోకి పంపుతాయి.

ఇంత చేసినా కొత్త కారు దగ్గరికే కదా వచ్చింది, హాట్ హ్యాచ్‌కి మెరుగు ఏది అంటారా? పాత షాకుల స్థానంలో బిల్‌స్టీన్ బీ6 లాంటివి వేస్తే, కంపెనీ స్ప్రింగులూ ఎత్తూ మారకుండానే అదుపు ఇంకో మెట్టు పెరుగుతుంది. కోనీ స్పెషల్ యాక్టివ్ రకం అయితే వేగంగా వచ్చే చిన్న చిన్న కంపాలకు మెత్తగా, పెద్ద ఊపుకు గట్టిగా స్పందిస్తుంది. రేగడి అలలూ చీమకుర్తి అంచులూ రెండూ ఉన్న దారికి ఇంతకన్నా సరిపడేది నాకు కనపడలేదు. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ ఎత్తు మార్చుకునే చవక కాయిలోవర్ కిట్టు వేసి, ఆ దెబ్బకు మౌంట్లూ రిమ్ములూ మార్చుకుంటూ పోయే ఖర్చును కూడా పక్కన పెట్టి చూడాలి. పైగా కంపెనీ కొలతల విడిభాగాలతో బాగుచేసుకున్న కారుకు వాహనంలో మార్పులను అదుపు చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో పేచీ రాదు.

పదిహేనేళ్లు దాటిన పోలోకి ఫిట్‌నెస్ కోసం ఎలాగూ మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. బుష్‌లు మార్పించేటప్పుడు ఒక్కటి గట్టిగా చెప్పండి. లోయర్ ఆర్మ్, వెనక ఇరుసు బోల్టులను కారు జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు బిగించనివ్వకండి. అలా బిగిస్తే కారు నేలకు దిగగానే రబ్బరు మెలి తిరిగి, కొన్ని నెలల్లోనే చీలిపోతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి, అలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించాలి.