ఆ సీతాకోకచిలుకలు ఎటెళ్లాయి?

ఇంట్లో యాభై అయిదు దాటినవాళ్లెవరైనా ఉంటే ఓ చిన్న పరీక్ష పెట్టి చూడండి. వాళ్లు వంటింట్లో కూర కలుపుతుండగానో, వరండాలో పేపరు చదువుకుంటుండగానో పక్కన నిలబడి ఫోన్లో 'సీతాకోకచిలుక' పాట ఒకటి వదలండి. పల్లవి పూర్తికాకముందే గరిటె ఆగుతుంది. పేపరు ఒళ్లోకి దిగుతుంది. కళ్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు!

అదంతా ఇళయరాజా మహిమ అని తేల్చేస్తే సగమే చెప్పినట్టు. ఆ సినిమాలొచ్చిన రోజుల్లో వాళ్లకు పదహారో పదిహేడో. తెర మీద ఉన్నవాళ్లూ దాదాపు ఆ వయసువాళ్లే. తెలుగు సినిమాకు అది కొత్త.

ఎంత కొత్తో తెలియాలంటే అంతకుముందు సంగతి చూడాలి. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో శ్రీదేవి ఎన్టీఆర్‌కి మనవరాలు. 1979లో 'వేటగాడు' వచ్చేసరికి ఆయన పక్కన కథానాయిక. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు, ఆమెకు పదహారైనా నిండలేదు. 1981 నాటి 'ప్రేమాభిషేకం'లో ప్రేమికుడు అక్కినేనికీ అంతే వయసు. జనం విరగబడి చూశారు, అందులో అనుమానమేం లేదు. కానీ పదో తరగతి పిల్లలకు తెర మీద కనిపించిన ప్రేమికుడు తమ నాన్న కంటే పెద్దవాడు. తమలాంటి వాళ్లకూ ఓ కథ ఉంటుందని వాళ్లకు చెప్పిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

అలాంటి సమయంలో 1981లో బయటి నుంచి ఒకరు, లోపలి నుంచి ఒకరు తలుపు తీశారు. తమిళనాడు నుంచి వచ్చిన భారతీరాజా 'సీతాకోకచిలుక' తీశారు. అప్పటిదాకా మాటల రచయితగా పేరున్న జంధ్యాల 'ముద్దమందారం'తో దర్శకుడయ్యారు. మొదటిదానిలో కార్తీక్, ముచ్చర్ల అరుణ. రెండోదానిలో ప్రదీప్, పూర్ణిమ. పోస్టరు మీద అమ్మే పేరు ఒక్కటీ లేదు. మరుసటేడు జంధ్యాల నరేష్‌, ప్రదీప్‌, పూర్ణిమ, తులసిలతో 'నాలుగు స్తంభాలాట' తీశారు. 1980లో 'శంకరాభరణం'లో అబ్బాయి వేషం వేసిన ఆ చిన్నారి తులసే రెండేళ్లకి ఇందులో కథానాయిక! వీరభద్రరావు, వేలు పేర్ల ముందు 'సుత్తి' చేరింది కూడా ఈ సినిమాతోనే. ఆ మాట ఆ తర్వాత తెలుగువాళ్లు ఎవరినైనా వదిలించుకోవడానికి నిత్యం వాడుకునే మాటైపోయింది. 1983లో 'రెండుజెళ్ల సీత'. అదే ఏడాది అరవం నుంచి డబ్బింగై వచ్చిన టి.రాజేందర్‌ 'ప్రేమసాగరం' సంగతి అప్పటి కాలేజీ కుర్రాళ్లను అడగాలి. సినిమా ఒకసారి చూశామంటే నమ్మకూడదు, ఎన్నిసార్లు చూశారో అడగాలి.

చూడటం అంత తేలికేం కాదు. అబ్బాయిలకు సైకిలుంది, నేల టిక్కెట్టుంది. అమ్మాయిలకు మాత్రం ప్రేమ సినిమాకి ఇంట్లో అనుమతి దొరకడమే గగనం. పిన్నినో, పెళ్లయిన అక్కనో బతిమాలి మ్యాట్నీకి వెళ్లాలి. ఏడుపొస్తే పక్కవాళ్లకు కనిపించకుండా ఓణీ చెంగుతో తుడుచుకోవాలి. హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొని ఇంటికొచ్చాక సోషల్‌ పుస్తకంలో దాచుకోవాలి. ఆ తర్వాత రేడియోలో జనరంజని. దూరదర్శన్‌ వచ్చిన ఇళ్లలో శుక్రవారం చిత్రలహరి. ఒకే పాట కోసం వారమంతా ఎదురుచూడటంలో ఉన్న సుఖం, అడిగిన వెంటనే పాట వచ్చిపడే ఫోన్లకు అలవాటుపడ్డ పిల్లలకు చెప్పినా అర్థం కాదు. (చెప్పడం మొదలుపెడితే 'సుత్తి' అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో వాళ్లకు తెలియదు!)

ఈ సినిమాలన్నిటి మీదా 'మరోచరిత్ర' నీడ ఉంది. 1978లో బాలచందర్‌ తీసిన నలుపు తెలుపు సినిమా. అరవ అబ్బాయి బాలు, తెలుగమ్మాయి స్వప్న, విశాఖ సముద్రం. కమల్‌హాసన్‌కు అప్పటికి 23 ఏళ్లు, సరితకు అదే మొదటి సినిమా. అబ్బాయి ఫొటోను తల్లి కాల్చేస్తే ఆ బూడిదను కలుపుకుని తాగేసే అమ్మాయిని తెలుగు తెర అంతకుముందు చూడలేదు. ఏడాది పాటు విడిగా ఉంటే పెళ్లి చేస్తామన్నారు పెద్దలు. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. కానీ చివరికి సముద్రం ఒడ్డునే ఇద్దరి ప్రాణాలూ పోయాయి. అదే కథను 1981లో 'ఏక్‌ దూజే కేలియే'గా హిందీలో తీశారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి హిందీ పాటకు జాతీయ అవార్డు తెచ్చింది ఆ సినిమానే. అది చూసి ప్రేమజంటలు ఆత్మహత్యలు చేసుకుంటున్నాయన్న వార్తలూ అప్పటి పత్రికల్లో వచ్చాయి. అవార్డు సంగతి అందరికీ గుర్తుంది. ఆ వార్తలు అంతగా గుర్తులేవు.

'సీతాకోకచిలుక' దారి వేరు. బ్రాహ్మణుల అబ్బాయి రఘు, క్రైస్తవుల అమ్మాయి కరుణ. అమ్మాయి అన్న డేవిడ్‌గా శరత్‌బాబు. అప్పటికే శృంగార తారగా ముద్రపడిన సిల్క్‌ స్మితకు ఇందులో నృత్యం లేదు. ఆడపడుచు మనసు తెలిసిన వదిన వేషం. ఆమెను తలచుకోవాల్సిన సినిమాల్లో ఇదీ ఒకటి. చివర్లో ఊరంతా వెంటపడుతుంది. ఒకవైపు ఆ మతం పెద్దలు, మరోవైపు ఈ మతం పెద్దలు. అప్పుడు రఘు జంధ్యం తెంపేస్తాడు. కరుణ మెళ్లోని శిలువ తీసేస్తుంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్లిపోతారు. ఎవరూ చనిపోరు, ఎవరూ క్షమాపణ చెప్పరు, పెద్దలు మనసు మార్చుకుని అక్షింతలూ వెయ్యరు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ అవార్డు ఇచ్చారు. ఊరూరా జనం చప్పట్లు కొట్టారు. జంధ్యం ఉన్నవాళ్లూ కొట్టారు, శిలువ ఉన్నవాళ్లూ కొట్టారు.

ఇప్పుడు అవే సినిమాలు యూట్యూబులో ఉచితంగా దొరుకుతున్నాయి. అమ్మలు కూతుళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ముచ్చటగా చూపిస్తున్నారు. చిక్కు అక్కడే వస్తుంది. 'రెండుజెళ్ల సీత'లో పక్కింట్లో దిగిన అమ్మాయి కోసం నలుగురు కుర్రాళ్లు పడే పాట్లు చూసి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే కూతురు ముఖం చిట్లిస్తుంది.

''నలుగురు ఒక్కమ్మాయి వెంటపడుతుంటే నవ్వుతావేంటమ్మా?''

''అప్పట్లో సరదాగానే ఉండేదే!''

''ఆ అమ్మాయిని అడిగావా?''

అమ్మ దగ్గర జవాబుండదు. 2014లో తెలంగాణలో షీ టీమ్స్‌ వచ్చాక కాలేజీకి వెళ్లిన పిల్లకు ఆ నలుగురూ కథానాయకుల్లా కనిపించకపోవడం న్యాయమే. వయసు సంగతీ అంతే. అమ్మాయి పెళ్లి వయసును 15 నుంచి 18కి, అబ్బాయిది 18 నుంచి 21కి పెంచింది సరిగ్గా 'మరోచరిత్ర' వచ్చిన 1978లోనే. అంటే లేచిపోయిన తెర జంటల్లో చాలామందికి చట్టప్రకారం పెళ్లి వయసే రాలేదేమోనన్నమాట. కూతురు అడిగే ఈ ప్రశ్నలు ఒకప్పుడు స్వప్న తండ్రి అడిగినవే. కాకపోతే ఆయన వాటిని కుల గౌరవం కోసం అడిగాడు, ఈ పిల్ల సీత కోసం అడుగుతోంది. తేడా చిన్నదేం కాదు.

మరి ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు తమ వంతు వచ్చినప్పుడు ఏం చేశారు? చాలామంది సోషల్‌ పుస్తకంలోని ఉత్తరాలను పెళ్లికి ముందు వారం బాయిలరు పొయ్యిలో వేసేశారు. చూపించిన సంబంధమే చేసుకున్నారు. అందులో తప్పేముంది, చాలామంది హాయిగానే ఉన్నారు. పాటలను మాత్రం వదల్లేదు. ఈటీవీలో 1996లో 'పాడుతా తీయగా' మొదలయ్యాక ఆ పాటలను తమ పిల్లలకు నేర్పించారు. పదేళ్ల పాప విరహగీతాన్ని గమకంతో సహా పాడుతుంటే ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. అదే పాప ఇరవై నాలుగేళ్లొచ్చాక ''నాన్నా, మా ఆఫీసులో ఒకబ్బాయి...'' అని మొదలుపెడితే మాత్రం మొదటి ప్రశ్న ఒక్కటే, ''మనవాళ్లేనా?'' 'సీతాకోకచిలుక' పాటలన్నీ నోటికొచ్చిన నాన్న నోటి నుంచే ఆ ప్రశ్న వస్తుంది.

కొన్ని ఇళ్లలో అది ప్రశ్నతో ఆగదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. చేయించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు తేల్చారు. ఆయన 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు హంతకుడికి ఉరిశిక్ష, మరికొందరికి యావజ్జీవం వేసింది. 'సీతాకోకచిలుక' ఆడని ఊరు తెలుగునాట ఎక్కడుందని! డేవిడ్‌ను తిట్టుకుంటూ హాల్లోంచి బయటికొచ్చిన జనమే మరి, అన్ని ఊళ్లలోనూ ఉన్నది.

మరోవైపు ఆ తెర ప్రేమికులేమో చక్కగా తండ్రులైపోయారు. నరేష్‌ 2018లో 'సమ్మోహనం'లో నటన పిచ్చి ఉన్న నాన్న. 'ముద్దమందారం' ప్రదీప్‌ 2019లో 'ఎఫ్‌2'లో 'అంతేగా అంతేగా' అంటూ భార్య మాటకు తలూపే మామగారు. ఆ సినిమాకు నవ్విన కుర్రకారులో ఎంతమందికి తెలుసు, ఒకప్పుడు ఆయన్ను చూసి వాళ్ల అత్తయ్యలు నిట్టూర్చారని? తులసి ప్రభాస్‌కు అమ్మయింది. 2010లో 'మరోచరిత్ర'ను అదే పేరుతో మళ్లీ తీస్తే కుర్రాళ్లు పట్టించుకోలేదు, పెద్దవాళ్లు అసలే వెళ్లలేదు. వాళ్లకు కావలసింది బాలు, స్వప్నల కథ కాదు, అది చూసినప్పటి తమ పదహారేళ్లు. దాన్ని ఏ నిర్మాత తీయగలడు?

ఒక్క జంట ఏమైందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్లిన రఘు, కరుణ ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఇల్లు ఎవరు అద్దెకిచ్చారు, రఘుకు ఉద్యోగం దొరికిందా, శరత్‌బాబు ఎప్పుడైనా చెల్లెల్ని చూడటానికి వచ్చాడా... సినిమా అక్కడే ఆపేసింది, ప్రేక్షకులూ అడగలేదు. లెక్క ప్రకారం ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటి ఉండాలి. ఇంట్లో పెళ్లికి ఎదిగిన మనవరాలున్నా ఉండొచ్చు. ఆదివారం కదా, అసలు పేపర్లో వధూవరుల ప్రకటనల పేజీ ఉంటుంది. పేజీ నిండా కులాల వారీగా శీర్షికలు. రఘు కళ్లద్దాలు సర్దుకుని ఆ పేజీని పైనుంచి కిందిదాకా ఓసారి చూస్తాడు. తమ మనవరాలి ప్రకటన ఏ శీర్షిక కింద వేయించాలో తేలక, పేపరు కరుణ చేతికిస్తాడు.